దాది పేరు మీద సెలవు

మొన్న ఆదివారం మా బిడ్డా అల్లుడూ మా ఇంటికి వచ్చి, పొద్దున చాయ్ దగ్గర మొదలుపెట్టి మధ్యాహ్నం అన్నాల దాకా పోట్లాడుకున్నారు. నాలుగేళ్ల మనవరాలిని వచ్చే జూన్‌లో ఏ బడిలో వేయాలన్నది తగువు. మానుకోటలో వాళ్లుండే ఇంటి వెనక వీధిలో ఒక చిన్న ప్రైవేటు బడి ఉంది. తరగతికి పదిహేను మందిని మించి తీసుకోరట. పంతులమ్మ ఒక్కొక్క పిల్లనూ దగ్గర కూర్చోబెట్టుకుని దిద్దిస్తుందట. మా బిడ్డ మనసంతా దాని మీదే ఉంది. అల్లుడేమో సర్కారు బడిలో చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాడు. "నేను చదువలేదా? నాకేం తక్కువైంది?" అంటాడు. "నీ జమానా వేరు" అంటుంది మా బిడ్డ. పిల్ల మాత్రం ఇద్దరి మధ్యా కూర్చుని మురుకులు నములుతూ ఉంది.

"అత్తమ్మా, నువ్వు చెప్పు" అన్నాడు అల్లుడు. "అమ్మా, నువ్వన్న చెప్పు" అంది బిడ్డ.

నేనేం చెప్పను? పాతికేళ్లుగా ఏఎన్ఎం ఉద్యోగమని ఊరూరూ తిరిగి, పిల్లలకు సూదులు వేసి, గర్భిణుల వెంటపడి మోకాళ్లు అరగదీసుకున్నాను. ఈ మధ్య నాకు ఎవరి పక్కనా నిలబడి మాట్లాడే ఓపిక ఉండటం లేదు. ఊ కొడుతూ పప్పు తాలింపు పెడుతున్నాను.

అంతలో అల్లుడు ఒక మాట అడిగాడు. "అదంత సరే, మరి తీజ్ పండుగకు తొమ్మిదొద్దులు ఇడుస్తరా ఆ బడిల?"

"ఎందుకిడువరు? అమ్మమ్మకు పాణం బాగలేదని చీటి రాస్తే అయిపాయె" అంది మా బిడ్డ.

చాలా మామూలుగా అంది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవాలు చిటపటమని చిట్లి, చివరికి మాడి, ఇల్లంతా పొగ కమ్మింది. "ఏందమ్మా, ఎటు చూస్తున్నవ్?" అని బిడ్డ లేచి వచ్చి పొయ్యి ఆపింది. దానికేం తెలుసు? నేను ఎవరికీ చెప్పలేదు కదా.

మాది నెల్లికుదురుకు అవతల ఒక లంబాడీ తండా. ముప్పై గడపలు ఉండేవేమో. తాటాకు కప్పులు, ఎర్రమట్టి గోడలు. ఎండాకాలం తండాలోకి అడుగుపెడితే ముందు మేకల వాసన, తరువాత ఇప్పపువ్వు ఎండుతున్న తీపి వాసన, ఆ వెంటనే కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు. బయటివాళ్లు తుమ్ముతూ వచ్చేవాళ్లు, మేం వాళ్లను చూసి నవ్వేవాళ్లం. ఇంట్లో మాకు మా భాషే. అమ్మ అంటే యాడి, నాన్నను బాపు అనేవాళ్లం, నాయనమ్మ అంటే దాది. ఇంట్లో అనుకున్న మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, అవేవీ తెలుగులో అన్నవి కావు. తెలుగు మాకు అంగడి భాష, ఆఫీసు భాష, బస్సు కండక్టర్ భాష.

మా బాపు తొర్రూరులో ఒక ఆఫీసులో అటెండరు. తండా మొత్తానికి నెల జీతం అన్నది మా ఇంట్లోనే ఉండేది. రోజూ సైకిల్ మీద పోయి వచ్చేవాడు. వానాకాలం బురదలో సైకిల్‌ను భుజాన వేసుకుని నడిచేవాడు. అంత గౌరవమైన ఉద్యోగం చేసే మనిషి ఒకరోజు ముఖం మాడ్చుకుని వచ్చి, అన్నం ముందు కూర్చుని కలపకుండా అట్లాగే చూస్తూ ఉన్నాడు. దాది గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. పెద్ద సారు ఒక ఫైలు తెమ్మన్నాడట. బాపుకు తన సంతకం ఒక్కటే వచ్చు. రంగు గుర్తుపెట్టుకుని ఫైళ్లు అందించేవాడు. ఆరోజు అట్టలు మార్చారట. ఒకటి తెస్తే కాదన్నారు, ఇంకొకటి తెస్తే కాదన్నారు, నాలుగోసారి ఆఫీసంతా నవ్విందట.

"నా బిడ్డను చూసి మాత్రం ఎవ్వడు నవ్వొద్దు" అన్నాడు బాపు. "తొర్రూర్ల ఇంగ్లీషు బడి పెట్టిన్రు. దాన్ని అండ్ల ఏస్త."

యాడి రొట్టె చేస్తున్నది చేస్తున్నట్టే ఆపి ఒంటికాలి మీద లేచింది. "తండాల బడి లేదా? ఆడ మన పిల్లలు చదువుతలేరా?"

తండాలో బడి ఉంది. రేకుల షెడ్డు, ఒక నల్లబల్ల, ఒక సారు. ఆ సారు వారంలో మూడు రోజులు వచ్చేవాడు. వచ్చిన రోజున మంచివాడే. మా భాషలో నాలుగు మాటలు నేర్చుకుని మమ్మల్ని నవ్వించేవాడు. రాని రోజున మేం ఆ షెడ్డులో మేకపిల్లలతో ఆడుకునేవాళ్లం. నాకైతే ఆ బడి స్వర్గంగా ఉండేది.

యాడి కోపం బడి మీద కాదు. ఆమెకు ఒక తమ్ముడు ఉండేవాడు. గార్లలో హాస్టల్‌లో ఉండి చదివాడు. యాడి తను తినకుండా మిగిల్చి వాడికి సద్దిరొట్టెలు, నెయ్యి పంపేది. ఒకసారి గార్ల బస్టాండులో వాడు స్నేహితులతో కనిపిస్తే, ఈమె సంబరంగా పేరు పెట్టి కేక వేసిందట. అద్దాలు కుట్టిన లంగా, చేతుల నిండా తెల్ల గాజులు, నెత్తి మీద మూట. వాడు ఒక్కసారి చూసి, ముఖం తిప్పుకుని బస్సు ఎక్కి పోయాడు. ఆ కథ యాడి ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ అదే చోట ఆపి, లేచి పోయేది.

"తమ్ముడు పరాయోడై పోయిండు, నాకు ఒక్కతే బిడ్డ ఉన్నది" అంది యాడి. "రేపు ఇది కూడ నన్ను చూసి, ఈమె ఎవరో నాకు తెల్వదంటే నేను బతుకుడెందుకు?"

"అందరు గట్లనే ఉంటరా? నా బిడ్డ అనదు."

"నా తమ్ముడు అంటడని నేననుకున్ననా?"

ఇట్లా నెల రోజులు సాగింది. ఇద్దరూ పట్టిన పట్టు విడవలేదు. బాపు అలిగి బయట తినేవాడు. యాడి అలిగి అసలే తినేది కాదు. నేను మధ్యలో ఎవరి పక్కన పడుకుంటే వాళ్లు నా తల నిమిరి తమ వైపు వాదన చెప్పేవాళ్లు. నాకు ఆరేళ్లు. నిద్ర వచ్చేది.

చివరికి తెగ్గొట్టింది దాది. దాదికి అప్పటికి పళ్లు సగం లేవు. చుట్ట కాల్చేది. ఎండలో మంచమేసుకుని కూర్చుని తండాలో వచ్చే పోయే ప్రతివాళ్లనూ ఒక మాట అనేది. వాళ్లు నవ్వేదాకా వదిలేది కాదు. ఆమె ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టింది.

"పిల్ల ఆ బడికే పోతది. వాన్ని చూసి నవ్విన్రని వానికి బాధున్నది. కానీ తీజ్ తొమ్మిదొద్దులు తండా ఇడిచి అడుగు బయట పెట్టొద్దు. ఏటేట ఆ తొమ్మిదొద్దులు పిల్ల దీనిదే. ఒప్పుకుంటే ఒప్పుకోన్రి, లేకుంటే ఇద్దరు కొట్టుకొని సావున్రి."

తీజ్ అంటే మా పెళ్లికాని ఆడపిల్లల పండుగ. శ్రావణంలో వస్తుంది. చిన్న చిన్న వెదురు బుట్టల్లో పుట్టమట్టి, మేక ఎరువు కలిపి నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతాం. నాయక్ అనే తండా పెద్ద ఇంటి ముందు మంచె కట్టి బుట్టలన్నీ దాని మీద పెడతారు. తొమ్మిది రోజులు ఆడపిల్లలం పాటలు పాడుతూ పూటపూటకూ నీళ్లు తెచ్చి పోయాలి. ఆ తొమ్మిది రోజులూ ఉప్పు లేదు, కారం లేదు. తొమ్మిదోనాడు జానెడు ఎత్తున పెరిగిన ఆ నారును తెంపి పెద్దవాళ్లందరికీ తలా కొంచెం ఇచ్చి, కాళ్లు మొక్కి, మిగిలింది వాగులో కలుపుతాం. బుట్టలో నారు ఒత్తుగా వస్తే ఆ పిల్ల ఇల్లు చల్లగా ఉంటుందని నమ్మకం.

యాడి వేళ్ల మీద తొమ్మిదీ లెక్కపెట్టుకుంది. తరువాత "తొమ్మిదొద్దులు. ఒక్క పూట తక్కువైనా బడి మాన్పిస్త" అంది. అట్లా నేను తొర్రూరు బడికి పోయాను.

చేర్పించే రోజున తల్లిదండ్రులిద్దరూ రావాలన్నారు. ఆ ఒక్కరోజుకు చీర కట్టుకోమని బాపు యాడిని బతిమాలాడు. "నా బట్టలు సూసి చేర్చుకోని బడి నా బిడ్డకెందుకు?" అని ఆమె రాలేదు. కనుక బడిలో వాళ్లకు మా ఇంట్లో బాపు తప్ప ఎవరూ తెలియదు.

బడి అంటే ఒక వడ్ల వ్యాపారి ఇంటి వెనక అద్దెకు తీసుకున్న రెండు గదులు, ఒక వసారా. కోస్తా వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు నడిపేవాళ్లు. సారు పొడుగ్గా సన్నగా ఉండేవాడు. టీచరమ్మ మల్లెపూలు పెట్టుకునేది. పక్క గోదాం నుంచి వడ్ల దుమ్ము వచ్చి పుస్తకాల మీద పేరుకునేది. నాకు టై కట్టారు, బెల్టు పెట్టారు. తండాలో పిల్లలు ఆ టై పట్టుకుని నన్ను మేకపిల్లను లాగినట్టు లాగేవాళ్లు.

మొదటి రెండు నెలలు నాకు అక్కడ ఏమీ అర్థం కాలేదు. ఇంగ్లీషు సంగతి తరువాత, తెలుగే సగం అర్థమయ్యేది కాదు. నేను "గిది ఏంది సార్" అంటే పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. సారు మాత్రం నవ్వలేదు. "ఇదేంటి అనమ్మా" అని మెల్లగా చెప్పేవాడు. మధ్యాహ్నం నేను జొన్నరొట్టె, పచ్చిమిరప కారం విప్పితే, టీచరమ్మ ఒక ముక్క అడిగి తీసుకుని తినేది. తిని కళ్లనీళ్లు పెట్టుకుని నీళ్ల కోసం పరుగెత్తేది. మంచివాళ్లు. చెడ్డవాళ్లయి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

తీజ్ దగ్గరపడింది. యాడి గోధుమలు ఏరి పెట్టింది. సెలవు అడగటానికి ఒక పొద్దున బాపు నన్ను వెంటబెట్టుకుని సారు ముందు నిలబడ్డాడు.

"ఏమయ్యా, చెప్పండి" అన్నాడు సారు.

బాపు తువ్వాలు చేతుల్లో మెలిపెడుతున్నాడు. "పిల్లకు తొమ్మిదొద్దులు సెలవు కావాలె సారు."

"తొమ్మిది రోజులే! పరీక్షలు పెడుతున్నాం. ఏమిటి విశేషం?"

పండుగ అంటే అయిపోయేది. తీజ్ అనే రెండక్షరాల మాట చాలు. కానీ బాపు భయపడ్డాడు. ఏ పండుగ, మీ తండావాళ్లదా, అది ఎట్లా చేస్తారు అని సారు అడుగుతాడేమో, చెబితే ఆఫీసులో నవ్వినట్టు నవ్వుతాడేమో. బాపు మనసులో ఏముందో నాకిప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఆయన నోటి నుంచి వచ్చిన మాటే విన్నాను.

"మా అమ్మ పోయింది సారు."

 పొద్దున నాకు టై కట్టి, ముద్దు పెట్టి, మూతికి చుట్ట వాసన అంటించి పంపింది దాది. ఎప్పుడు పోయింది? నేను అక్కడికక్కడే కూలబడి "దాదీ" అని గొంతెత్తి ఏడ్చాను. టీచరమ్మ వచ్చి నన్ను ఒళ్లోకి తీసుకుంది. సారు గబగబా గంట కొట్టించి, పిల్లలందరినీ వసారాలో నిలబెట్టి, "మన చిన్నారి వాళ్ల నాయనమ్మగారు కాలం చేశారు. రెండు నిమిషాలు మౌనంగా ఉందాం" అన్నాడు. యాభై మంది పిల్లలు కళ్లు మూసుకుని మా దాది కోసం నిలబడ్డారు. బాపు తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన కూడా ఏడుస్తున్నాడని అందరూ అనుకున్నారు.

ఊరు దాటాక బాపు సైకిల్ ఆపాడు. "ఏడ్వకు బిడ్డా. దాదికేం కాలే. ఉత్తగనే అన్న. సెలవు కోసం."

"మరి దాది ఉన్నదా?"

"ఇంట్ల ఉన్నది. మంచం మీద కూసొని తిడుతున్నది. నువ్వు మాత్రం యాడికి చెప్పకు. బడిల ఎవలడిగినా దాది పోయిందనే అను. లేకుంటే బడి నుంచి తీసేస్తరు."

ఇంటికి పోగానే దాదిని గట్టిగా పట్టుకున్నాను. ఆ తొమ్మిది రోజులూ ఆమెను వదల్లేదు. పెద్దవాళ్లకేం, ఉత్తగనే అంటారు, మరచిపోతారు. నాకైతే యాభై మంది కళ్లు మూసుకుని నిలబడ్డ సంగతి మరుపు రాదు. అంతమంది కలిసి మొక్కితే నిజంగానే పోతుందేమోనని భయం. దాది నీళ్లకు పోతే వెంట నేను, మేకల దగ్గరికి పోతే వెంట నేను. పగలు కునుకు తీస్తే పక్కన కూర్చుని పొట్ట కదులుతున్నదా లేదా అని చూసేదాన్ని.

"ఏందే ఛోరీ, తోక లెక్క నా ఎనకనే తిరుగుతున్నవ్? నేనేడికి పోత?" అనేది దాది.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చేది.

బుట్టలో నారు మొలిచింది. నాది కొంచెం పలచగా వచ్చింది. ఎందుకంటే అయిదోనాడు నేను తప్పు చేశాను. చేనులో కాల్చిన మక్కకంకి వాసనకు ఆగలేక, ఇంటి వెనక కూర్చుని ఉప్పూ కారం రాసుకుని తిన్నాను. తల ఎత్తితే దాది నిలబడి ఉంది. నా చేతిలో కంకి, మూతికి కారం.

"నాకు ఈ నడుమ కండ్లు కనపడుతలెవ్వు" అంది దాది. "మూతి తుడుసుకో, మీ యాడికి మాత్రం మంచిగనే కనపడుతయి."

అదీ దాది. చూసిన సంగతిని కడుపులో పెట్టుకోవటం ఆమెకు చేతనయినట్టు ఎవరికీ చేతకాదు. ఆమె ఇంకొకటి కూడా అట్లాగే పెట్టుకోవలసి వచ్చింది, అదీ నా చలవే.

పండుగ అయిపోయింది. నారు తెంపి అందరికీ ఇచ్చాం. వాగు దగ్గర పాడి ఏడ్చి బుట్టలు కలిపాం. నేను బడికి వెళ్లాను. ఆరేడు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం అన్నం గంట కొట్టారు, వసారాలో వరుసగా కూర్చుని డబ్బాలు విప్పుతున్నాం. వాకిట్లో దాది కనిపించింది.

అంగడికి వచ్చింది. నడిచి నడిచి కాళ్లనిండా దుమ్ము. అద్దాల లంగా, నెత్తి మీద ముసుగు, చంకలో చిన్న గుడ్డ మూట. వసారా అంచున నిలబడి పిల్లలందరిలో నన్ను వెతుకుతున్నది. నన్ను చూసింది. నోట్లో మిగిలిన పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది.

సారు ఎదురుగా వచ్చాడు. "ఎవరమ్మా మీరు? ఎవరు కావాలి?"

దాది నన్ను చూపించింది. సారు నా వైపు తిరిగాడు. "ఈవిడెవరమ్మా? నీకేమవుతుంది?"

నా నోట్లో రొట్టెముక్క ఉంది. అది మింగుడు పడదు, బయటికి రాదు. దాది అని చెబితే బాపు అబద్ధం బయటపడుతుంది. బడి నుంచి తీసేస్తారు. ఇంట్లో యాడికి తెలుస్తుంది, మళ్లీ ఆ నెల రోజుల పోట్లాట. ఇదంతా నేను అప్పుడు ఆలోచించానని చెబితే అబద్ధం. నాకు గుర్తున్నది ఒక్కటే, పిల్లలంతా ఆ అద్దాల లంగా వైపు చూస్తున్నారు, ఒకరిద్దరు ముసిముసిగా నవ్వుతున్నారు. బాపుకు భయపడి అన్నానో, ఆ నవ్వులకు భయపడి అన్నానో, ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను.

"ఏం కాదు సార్" అన్నాను. "మా తండాల ఉంటది."

తెలుగులోనే అన్నాను. దాదికి తెలుగు బాగా వచ్చు.

దాది ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. మరచిపోయినట్టు ఒక క్షణం అట్లాగే ఉండిపోయింది. సారు ఆమెకు మర్యాదగా స్టూలు చూపించాడు. "తండా నుంచి వచ్చారా? మంచిది. పిల్ల దిగులుగా ఉంటోందమ్మా. ఈమధ్యనే వాళ్ల నాయనమ్మగారు పోయారు కదా."

దాది నన్ను చూసింది, సారును చూసింది.  తరువాత స్టూలు మీద కూర్చోకుండానే, నిమ్మళంగా అంది.

"అవ్ సారు. పోయింది పాపం."

"మీకు బాగా తెలుసా ఆవిడ?"

"ఎరుకే సారు. శాన మంచి ముసల్ది. జర నోరు ఎక్కువ."

మూట విప్పింది. రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి చేసే చూర్మ ఉంది అందులో. ఆకులో చుట్టిన ఎండిపోయిన గోధుమ నారు కూడా ఉంది. ఆ నారు రెండు చేతులతో సారుకిచ్చింది. "ఇది మా పండుగది. పెద్దోళ్లకిస్తం. పిల్లకు సదువు చెప్తున్నవు గద, నీకియ్యాలని పట్టుకొచ్చిన."

ఏ పండుగ అని సారు అడగలేదు. నారును కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. దాది చూర్మ మూట నా ముందు పెట్టింది. నా తల మీద చేయి పెట్టబోయి ఆగింది. తండాలో ఉండే ముసలామె కదా, ఎట్లా పెడుతుంది? వెళ్లిపోయింది. వాకిలి దాటేదాకా వెనక్కి చూడలేదు.

చూర్మ పిల్లలందరికీ పంచారు. నెయ్యి వాసన వసారా నిండా. నేను తినలేదు.

ఆ సాయంత్రం బాపు సైకిల్ మీద ఇంటికి పోయాం. దాది మంచం మీద కూర్చుని ఉంది. యాడి నీళ్లకు పోయింది. దాది బాపును దగ్గరికి పిలిచింది.

"ఎన్నొద్దులకు సంపినవ్ రా నన్ను? తొమ్మిదొద్దులకేనా? జర ఎక్కువ సంపితే పది పదిహేనొద్దులన్న ఇస్తుండె గద."

బాపు ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "తప్పయింది. నోట్లకెల్లి అట్ల వచ్చింది. సారు పిల్లలందరిని నీ కోసం నిలవెట్టిండు."

"నీ పెండ్లానికి తెల్వనియ్యకు. పిల్ల సదువు ఆగుతది." చుట్ట వెలిగించుకుంది. "ఎట్ల నిలవడ్డరో అంతమంది నా కోసం, సూద్దునంటే నేను లేకపోతిని."

ఇద్దరూ నవ్వారు. నేను గుంజ పక్కన నిలబడి, ఇప్పుడు నా సంగతి తీస్తుంది, ఇప్పుడు అడుగుతుంది అని ఎదురుచూస్తున్నాను. తీయలేదు. "ఛోరీ, ఆకలైతున్నదా?" అంది. అంతే. ఆరోజు కాదు, మరునాడు కాదు, ఆ తరువాత ఎప్పుడూ "ఏం కాదు" అన్న మాట ఆమె నోటికి రాలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. మక్కకంకి లాగే దాన్ని కూడా చూడనట్టే ఉండిపోయింది.

ఆ తరువాత ఏటేటా తీజ్‌కు బాపు కొత్త కారణం వెతికేవాడు. ఒక ఏడు మా పెద్దనాయన పోయాడు, ఒక ఏడు లేని మేనత్త పెళ్లి అయింది. సారు దగ్గరికి పోయేముందు సైకిల్ మీద నాకు చెప్పి వల్లె వేయించేవాడు. యాడి మాత్రం తండాలో గొప్పగా చెప్పుకునేది. "ఆ సారు బంగారమసోంటోడు. మన పండుగకు తొమ్మిదొద్దులు సెలవిస్తడు" అని. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆ మాట నిజమని నమ్ముకునే పోయింది. ఆ తొమ్మిది రోజుల వల్ల తను నెగ్గాననుకుంది, బాపు తను నెగ్గాననుకున్నాడు. ఎవరు నెగ్గారో నాకు తెలియదు. చదువైతే వచ్చింది. ఉద్యోగం వచ్చింది. అక్కడ ఎవరూ నన్ను చూసి నవ్వలేదు.

నేను అయిదో తరగతిలో ఉండగా దాది నిజంగానే పోయింది. ముసురు పట్టిన రోజులు. బాపు తడుచుకుంటూ బడికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకు చూడగానే తెలిసిపోయింది.

"ఏమైందయ్యా?" అన్నాడు సారు.

బాపు తువ్వాలుతో తల తుడుచుకున్నాడు.  నన్ను చూశాడు. చెప్పటానికి వీల్లేదు, ఆ కారణం అప్పుడే వాడేశాం. "పిల్లకు జరమొచ్చినట్టున్నది సారు. తోల్కపోత" అన్నాడు.

సారు నా నుదుటి మీద చేయి పెట్టి చూశాడు. "వేడేమీ లేదే" అన్నాడు. మళ్లీ బాపు ముఖం చూసి, "సరే, తీసుకెళ్లండి" అన్నాడు. ఎవరూ గంట కొట్టలేదు. ఎవరూ నిలబడలేదు. ఏడిస్తే ఎందుకని అడుగుతారని నేను గేటు దాటేదాకా పళ్లు బిగబట్టుకుని నడిచాను. పదోరోజు మళ్లీ బడికి పోతే, "జ్వరం తగ్గిందా అమ్మా?" అని టీచరమ్మ అడిగింది. తగ్గింది టీచర్ అన్నాను.

ఇప్పుడా బడి లేదు. ఆ వసారా ఉన్నచోట ఎరువుల దుకాణం పెట్టారు. సారూ వాళ్లూ ఎప్పుడో వాళ్ల ఊరికి వెళ్లిపోయారు. తండాలో అద్దాల లంగా పెట్టెలోంచి పండుగ రోజున ఫోటో కోసం తీస్తున్నారు. నేను కూడా అంతే. తీజ్ మాత్రం ఇంకా చేస్తున్నాం.

అన్నాలయ్యాక బిడ్డ మళ్లీ అడిగింది. "ఏమనవేందమ్మా? ఏ బడిల ఏద్దాం?"

"మీ ఇష్టమే. ఏ బడైనా నాకు మంచిదే. ఇద్దరి మాటా అబద్ధం కాదు" అన్నాను. "కానీ తీజ్ సెలవు అడగనీకె నేనొస్త. నేనే పోయి అడుగుత. నాకు బాగలేదని ఎవ్వరు చీటి రాయొద్దు."

"వాళ్లకేం తెలుస్తదమ్మా తీజంటే?"

"తెల్వకపోతే అడుగుతరు. అడిగితే చెప్త."

నా గొంతు ఎందుకు గట్టిగా వచ్చిందో వాళ్లకు అర్థం కాలేదు. అల్లుడు బిడ్డ వైపు చూశాడు. బిడ్డ భుజాలెగరేసి గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

పిల్ల మురుకుల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఫోన్‌లో బొమ్మలు చూస్తోంది. నేను కింద దాని పక్కన కూర్చున్నాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి.

"బిడ్డా, నేను నీ బడికొస్తే, అందరు పిల్లలున్నప్పుడు, ఈమె ఎవరని టీచర్ అడిగితే ఏమంటవ్?"

అది ఫోన్ మీద నుంచి కళ్లు తీయలేదు. "నానీ" అంది. మా భాషలో అమ్మమ్మ.

"మల్ల ఒకసారి అను."

"నానీ" అంది విసుగ్గా.

"జర గట్టిగ అను" అన్నాను.